గాలి పేటలో పదిహేడో ఇల్లు

జరిగినవాటిలో ఇప్పుడు గుర్తుంచుకోవలసినవి రెండే.

పద్దెనిమిది నెలల కిందట కుంఠా నాకా దగ్గర ఒక నూలు గోదాము తగలబడింది. కావలివాడు చనిపోయాడు. ఆ సాయంత్రం గోదాములోకి వెళ్ళిన నరసయ్య బయటికి రావడం ఎవరూ చూడలేదు. ఇది మొదటిది. నరసయ్యకు చెందిన, మూతపడ్డ సాంచాల (కరెంటు మగ్గాల) కార్ఖానాలో అతని తమ్ముడు అంబాదాస్ పైకప్పు నుంచి పదహారు బొమ్మ ఇళ్ళు వేలాడదీశాడు. నిన్న పొద్దున అవి పదిహేడయ్యాయి. పదిహేడోది అంబాదాస్ కట్టింది కాదు. ఇది రెండోది.

రేపు పదింటికి నరసయ్యకు కర్మ. మనిషి దొరకలేదు గనక దర్భలతో బొమ్మ చేసి నిప్పు పెడతారు. ఆ తర్వాత అతని భార్య ద్రౌపది చేతిగాజులు పగలగొడతారు. పేట పెద్దలు నిర్ణయించారు. ఆ నిర్ణయాన్ని వెనక్కి తిప్పగలిగినవాడు వాళ్ళలో పెద్దవాడు పెంటప్ప ఒక్కడే.

అందుకే ఆ మధ్యాహ్నం అంబాదాస్ ఆయన్ని చేయి పట్టుకుని కార్ఖానాకు తీసుకువచ్చాడు.

పెంటప్పకు డెబ్బై రెండేళ్ళు. యాభై ఏళ్ళు అతుకు పని చేశాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా పాత పోగుల కొసలకు కలపాలి. ముడి వెయ్యకూడదు, ముడి పన్నె పళ్ళ సందులో ఇరుక్కుంటుంది. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి పురి పెట్టాలి. ఒక పడుగుకు రెండువేల పైచిలుకు అతుకులు. అతుకు చూసి అతికిన మనిషి పేరు చెప్పడం మీద పెంటప్ప పందేలు కాసేవాడు. ఇప్పుడు రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. వేళ్ళు మాత్రం మసకబారలేదు.

గుమ్మంలో ద్రౌపది కూర్చుని ఉంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. ముప్పై ఏళ్ళ మనిషి. అంబాదాస్ తాళం తీశాడు. ఆమె తల ఎత్తకుండానే కాళ్ళు పక్కకు జరిపి ఇద్దరికీ దారి ఇచ్చింది. బీడీ చుట్టే చేయి ఆగలేదు.

లోపల పెంటప్ప తల పైకెత్తాడు. మసక కళ్ళకు కూడా ఏదో తేలుతున్నట్టు కనబడింది.

ఇనుప దూలాల నుంచి పడుగు పోగుల జడలు దిగాయి. వాటికి వెదురు బద్దల అడ్డకర్రలు, ఆ కర్రలకు మళ్ళీ జడలు, ఆ జడల కొసన ఇళ్ళు. మూడు అంతస్తుల్లో, ఒకదానికొకటి తగలకుండా. గొడుగు కడ్డీలతో చట్రాలు, చద్దర్ల అంచు ముక్కలతో గోడలు, విరిగిన పన్నెలతో కప్పులు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తీగల నిచ్చెనలు. ఒక్కో ఇల్లు నూలు చుట్టిన కండె కంటే బరువుండదు. ఎవరైనా తలుపు తీస్తే ఊరు మొత్తం చిన్నగా పక్కకు జరిగి మళ్ళీ తన చోటికి వస్తుంది. అంబాదాస్ బొంబాయిలో బొమ్మలు చేయడం చదివి వచ్చాడు. ఇది అతని రెండేళ్ళ పని. శుక్రవారం బొంబాయి నుంచి ముగ్గురు చూడ్డానికి వస్తున్నారు.

"కాయ్ రే అంబ్యా, ఇవి ఇండ్లా, పిట్టగూళ్ళా?" అన్నాడు పెంటప్ప, అలవాటైన మరాఠీ పిలుపుతో.

"ఇండ్లే కాకా. గాలిల పేట."

"మోరీ ఏడ పెట్టినవ్?"

"మోరీ లేదు. ఈడ మురికినీళ్ళే ఉండయి."

"అట్ల చెప్పు. మోరీ ఉంటె మున్సిపాలిటోడొస్తడు. నేల మీద కట్టుంటె పక్కింటోడొస్తడు. మంచి ఉపాయమే."

అంబాదాస్ నవ్వలేదు. "జోడ్‌భావి పేట్‌ల మేం ఒక్క అర్రల పదకొండు మందిమి పండుకున్నం కాకా. మగ్గం గుంతల కాళ్ళు పెట్టుకోని నేను, గుంత పక్కన అన్న. నేలంత పంచాయితే. అందుకే నేలనే తీసేసిన. ఈడ ఒగ ఇల్లు బరువైతె పక్క ఇండ్లు పైకి లేస్తయి. అందరు ఒక్క తీరుగుంటెనే ఊరు నిలుస్తది."

"మరి మనోళ్ళను ఎక్కియ్యకు. నిలవది." పెంటప్ప నశ్యం పీల్చి చేతులు దులుపుకున్నాడు. "ఏదిరా అది?"

పదిహేడో ఇల్లు అన్నిటికంటే కింద, మనిషి తల ఎత్తులో ఉంది. వెదురు బద్దల చట్రానికి నీలం చారల గుడ్డ బిగించి ఉంది. ఆ గుడ్డ నరసయ్య అంగీది. అంబాదాస్ కట్టిన ఇళ్ళలో మనుషులు లేరు. ఈ ఇంట్లో రెండు ఖాళీ కండెలు పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. నాలుగు మూలలకు నాలుగు జడలు. ఇంటికి జానెడు పైన ప్రతి జడలోనూ అతుకులు.

పెంటప్ప చేతులు పైకెత్తి మొదటి జడ పట్టుకున్నాడు. అందులోంచి ఒక పోగును విడదీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా జరిపాడు. ఆగాడు. వెనక్కి జరిపాడు. రెండో జడ, మూడోది, నాలుగోది. ప్రతిదీ రెండుసార్లు. వేలి కొస నాలుకకు అద్దుకున్నాడు.

"బూడిద," అన్నాడు. "జల్లెడ పట్టిన బూడిద. ఇయ్యాల రేపు ఇంత సన్నగ ఎవలు పడ్తున్నరు?"

ద్రౌపది చేయి ఆగింది. బీడీ సగం చుట్టిన ఆకు ఆమె వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది. ఆ చేయి ఆగడం అంబాదాస్ ఎప్పుడూ చూడలేదు. అది ఆశ అనుకున్నాడు.

"పురి ఎటు తిరిగింది కాకా?"

"ఎడమకు."

అంబాదాస్ ఊపిరి వదిలాడు. నరసయ్య కుడి బొటనవేలి కొస పదేళ్ళ వయసులో సాంచ బెల్టు కింద పోయింది. అప్పటి నుంచి అతను అతికింది ఎడమ చేత్తోనే. అతికేవాళ్ళందరి పురీ ఒకవైపు తిరిగితే అతనిది రెండోవైపు తిరుగుతుంది.

"నరసయ్యదే," అన్నాడు పెంటప్ప. "మా అమ్మ మీద ఒట్టు. నరసయ్య చెయ్యే."

"అయితె రేపటి కర్మ ఆపుతరు గద?"

"ఆపుతం. బతికున్నోనికి కర్మ చేస్తె ఏడు తరాలకు తగుల్తది." పెంటప్ప నశ్యం డబ్బీ మూత పెట్టాడు. "ఆపి, పోలీసు చౌకీకి పోతం."

"చౌకీకెందుకు?"

"ఎందుకంటవేందిరా? నరసయ్య గూడ మంటల్లనే పోయిండని పెద్దలు రాసిచ్చిన కాగితం మీద మొదటి సంతకం నాది. రేపు కర్మ అయితె కేసు మూసేస్తమన్నరు. ఇప్పుడు బతికున్నడంటె? కావలోడు కాలిపాయె, ఈనె తప్పిచ్చుకపాయె. ఎందుకు దాక్కున్నడో నీకు తెల్సా? నాకు తెల్వదు. కావలోని పెండ్లాం నా ముంగటికొచ్చి అడిగితె ఏం చెప్పాలె? అతుకు బాగుందమ్మా అని చెప్పాల్నా?"

"అన్న అసొంటోడు కాదు."

"కాకపోతె చౌకీల జెప్తడు. మనం పట్టియ్యాలె, ఆయన జెప్పాలె. గంతే."

అన్న బతికి ఉన్నాడని నిరూపించాలని అంబాదాస్ నిన్న పొద్దుటి నుంచీ పాకులాడాడు. నిరూపిస్తే ఏమవుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"ఆ అతుకు నాది."

ఇద్దరూ తిరిగి చూశారు. ద్రౌపది చాట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఏమంటున్నవ్ వదినె?"

"ఆ ఇల్లు నేను కట్టిన. అతుకులు నేనే పెట్టిన. మొన్న అమాస నాడు, పొద్దూకే యాల్లకు వచ్చి కట్టి పోయిన."

అమావాస్య నాడు నేతవాళ్ళు మగ్గం జోలికి పోరు, పోగు ముట్టరు. బొంబాయిలో చదువుకున్నా అంబాదాస్ కూడా ఆ రోజు కార్ఖానా తెరవలేదు. వచ్చినవాడు పేటలో ఉంటున్నవాడు కాదని, అందుకే అది అన్నేనని, గుమ్మంలోకి వచ్చినవాళ్ళతో నిన్నంతా వాదించడానికి అతనికి దొరికిన కారణం అదే.

"అమాస నాడు పోగు ముట్టినవా?" పెంటప్ప గొంతు పెరిగింది. ఆయనకు అబద్ధం కంటే అదే పెద్ద నేరంగా తోచింది.

"ముట్టిన. గాజులు పోయేదానికి అమాసేంది, పున్నమేంది?"

"నాతోని ఆటలా?"

"ఆట కాదు కాకా. నువ్వు అతుకు పట్టి మనిషిని చెప్తవని పేటంత ఎరుకే. ఆయన అంగి చింపి ఇల్లు జేసిన. ఆయన తీరుగ అతికిన. నరసయ్య వచ్చి పోయిండని నీ నోట్లకెల్లి వస్తె నా చేతులు నిండుగుంటయనుకున్న. చౌకీ ముచ్చట నా బుర్రకు తట్టలె."

"వదినె, నీకేమన్న మతి పోయిందా?" అన్నాడు అంబాదాస్. "నిన్నటి సంది నేను ఈ తలుపు కాడనే కావలి కూసున్న. నిన్న నీ ముంగటనే అన్న బతికిండని ఏడ్సిన. అప్పుడన్న చెప్పద్దా?"

"నువ్వు నమ్మితెనే కాక నమ్ముతడు. నీకు అబద్ధం మాట్లాడుడు రాదు."

అది నిజం.

పెంటప్ప మాత్రం తేలిగ్గా వదలలేదు. యాభై ఏళ్ళ పేరు ఆ వేళ్ళ మీద ఉంది. "అతికి చూపియ్," అన్నాడు.

ద్రౌపది కింద పడి ఉన్న తుక్కులోంచి రెండు పోగులు ఏరింది. కుడి చేత్తో కొసలు పట్టుకుని, ఎడమ చేతి వేళ్ళతో కలిపి ఒక్క విసురుతో పురి పెట్టింది. పెంటప్ప అందుకుని వేళ్ళ మధ్య జరిపాడు. లావుగా ఉంది, గరుకుగా ఉంది, బూడిద లేదు గనక అంతే అనుకున్నాడు. కాని పురి ఎడమకే తిరిగింది.

"ఎవలు నేర్పిండ్రు?"

"ఇంకెవలు? పెండ్లయిన కొత్తల ఆయన పక్కన కూసోని నేర్సుకున్న. ఆయన ఎడమ చెయ్యి పెడ్తె నేను ఎడమ చెయ్యి పెట్టిన. కుడి చేత్తో గూడ అతకచ్చని నాకెవలు చెప్పలె."

పెంటప్ప ఆ పోగును నేల మీదికి విసిరేశాడు.

"గుడ్డోన్ని జేసినవ్ బిడ్డా నన్ను," అన్నాడు. "కండ్లు పోయినప్పుడు గూడ ఇంత గుడ్డోన్ని కాలె."

ద్రౌపది వంగి ఆయన కాళ్ళు ముట్టింది. "తప్పయింది కాకా."

"రేపు పదింటికి. అందరికి చెప్పిన మాటే మాట." ఆయన చేతులు ముందుకు చాపి పట్టుకున్నాడు, అవి తనవి కానట్టు. "అమాస పోగు ముట్టిన చేతులు. నోట్ల గూడ పెట్టుకుంటి, బాపరే! నల్లా ఏడుందిరా?"

బయట గోడ పక్కన నల్లా ఉంది. పెంటప్ప గోడ తడుముకుంటూ వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు, పుక్కిలిస్తున్న చప్పుడు వినబడింది.

అంబాదాస్ కోపంగా ఆ పోగును నేల మీది నుంచి తీశాడు. పారెయ్యబోయి ఆగాడు.

అతుకు గోధుమ రంగులో ఉంది.

బీడీలు చుట్టే వేళ్ళకు తంబాకు పొడి ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. సబ్బు పెట్టినా పోదు. ఆ వేళ్ళు పట్టుకున్న తెల్లపోగు మీద మరక పడి తీరాలి. అంబాదాస్ పదిహేడో ఇంటి దగ్గరికి వెళ్ళి నాలుగు జడలూ చూశాడు. నాలుగింటిలోనూ అతుకులు సన్నగా, బూడిద పట్టి తెల్లగా ఉన్నాయి. ఎక్కడా మరక లేదు. పెంటప్పకు కళ్ళు ఉంటే ఇది మొదటే తెలిసేది.

"వదినె, బూడిద ఏడికెల్లి తెచ్చినవ్?"

ద్రౌపది తలుపు వైపు చూసింది. నీళ్ళ చప్పుడు ఇంకా వస్తోంది. "మెల్లగ మాట్లాడు. నేను బూడిద ముట్టలె. ఒట్టి చేతుల్తోనే అతికిన."

"మరి ఇవి?"

"నేను ఇల్లు ఇంకింత పైన కట్టిన. కట్టంగనె ఊరంత ఈ దిక్కు ఒరిగిపాయె. సరిజేయనీకి రాలె. అట్లనే ఇడిసిపెట్టి పోయిన."

నిన్న పొద్దున అంబాదాస్ తలుపు తీసినప్పుడు ఊరు ఏ వైపుకూ ఒరిగి లేదు. పదిహేడో ఇల్లు ఎక్కడ ఉంటే మిగతా పదహారూ నిలబడతాయో సరిగ్గా అక్కడే ఉంది. జడలు కోసి, పొడుగు పెంచి, పోగు పోగుకూ మళ్ళీ అతికి, కిందికి దించి ఎవరో నిలబెట్టారు.

"ఆయనకు నా అతుకు ఎన్నడు నచ్చలె," అంది ద్రౌపది. "నేను అతికి లేస్తె చాలు, నేను కూసున్న జాగలనే కూసోని అన్ని తీసి మల్ల అతికెటోడు. ఒక్క మాట అనకపోయేది. తీసి అతికెటోడు, గంతే."

"నీకెప్పుడు తెల్సింది?"

"కాక బూడిద అన్నప్పుడు."

అంబాదాస్ వెనక్కి లెక్క వేసుకున్నాడు. పెంటప్ప బూడిద అన్నాడు. పోలీసులన్నాడు. ఆమె ఆ అతుకు నాది అంది. ఈ మధ్య గడిచింది నాలుగు బీడీలు చుట్టేంత సేపు. అంతలోనే మొగుడు బతికి ఉన్నాడని ఆమెకు తెలిసింది. అంతలోనే అతను చచ్చిపోయాడని అందరినీ ఒప్పించాలని నిర్ణయించుకుంది.

"రేపు గాజులు పలగ్గొడ్తరు వదినె."

"గాజులే గద."

"బొట్టు—"

"చెయ్యనీ. బొమ్మకు నిప్పు పెట్టేది నువ్వే. చెయ్యి ఆగద్దు. ఆగితె పెద్దలు పట్టేస్తరు."

నీళ్ళ చప్పుడు ఆగింది.

పెంటప్ప కండువాతో మూతి తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. చేతిలో చిన్న చెంబు ఉంది. నడుం దగ్గరి పొట్లంలోంచి పసుపు తీసి నీళ్ళలో కలిపాడు.

"ఒగటి అనుకున్న," అన్నాడు. "కర్మ ఈడనే చేద్దాం. నరసయ్య చెమట పడ్డ జాగ ఇది. కుల పెద్దలొస్తరు, చౌకీకెల్లి సాహెబు గూడ వస్తనన్నడు. కండ్లతోని చూసి కాగితం మూసుకపోతడు."

"ఈడ వద్దు కాకా," అన్నాడు అంబాదాస్. "ఇండ్లకు నిప్పంటుకుంటది."

"బయట వాకిట్ల బొమ్మ కాలవెడ్తం. ఈడ లోపట గాజులు, పిండాలు. నీ గాలి మేడలకేం కాదు. బయటికి రాండ్రి ఇద్దరు. పసుపు నీళ్ళు సల్లినంక లోపట పురుగు గూడ మెదలద్దు రేపటి దాంక."

"శుక్రారం బొంబాయోళ్ళొస్తరు, పని ఉన్నది."

"రేపు కర్మ అయినంక చేస్కో. తాళం చెవులు ఇటియ్."

అంబాదాస్ జేబులోంచి తన చెవి తీసి ఇచ్చాడు.

"రెండోది?"

ద్రౌపది ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత బొడ్లో దోపుకున్న సంచిలోంచి చెవి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఇవ్వనంటే ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఇంకో అబద్ధం మిగల్లేదు.

ముగ్గురూ బయటికి వచ్చారు. భోజనాల విరామం అయిపోయి ఎదురు కార్ఖానాలో ముప్పై సాంచాలు మళ్ళీ ఆడుతున్నాయి. ఆ మోతలో మాట వినబడాలంటే గొంతు పెంచాలి. పెంటప్ప గడప మీద పసుపు నీళ్ళు చల్లి, తలుపు లాగి, తాళం బిగించాడు. రెండుసార్లు లాగి చూశాడు. చెవులు రెండూ అంగీ లోపలి జేబులో వేసుకున్నాడు.

అప్పుడు అంబాదాస్‌కు లెక్క తేలింది.

అమావాస్య సాయంత్రం ఈ తాళం వేసింది ద్రౌపది. నిన్న పొద్దున తీసింది తను. తాళం మీద గీత లేదు. చెవులు రెండూ ఎవరి దగ్గరివి వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఈ మధ్యలో అతుకులు మారాయి. మార్చినవాడు బయటి నుంచి రాలేదు. ద్రౌపది తాళం వేసేసరికే లోపల ఉన్నాడు. నిన్న చీకటి పడి తాళం వేసేదాకా, ఇవాళ పొద్దున తీశాక మళ్ళీ పెంటప్పను పిలవడానికి తాళం వేసి వెళ్ళేదాకా అంబాదాస్ తలుపు దగ్గర నుంచి లేవలేదు. బయటికి ఎవరూ పోలేదు. నిన్న మూట కట్టుకుని తెచ్చుకున్న అయిదు జొన్నరొట్టెల్లో రెండు కనబడకపోతే పిల్లి అనుకున్నాడు. వాటితో పెట్టిన శేంగా చట్నీ కూడా పోయింది. పిల్లి పల్లీల పొడి తినదు.

వెనక అటక మీద పడుగు చుట్టే ఖాళీ బీములు గుట్టగా పడి ఉన్నాయి. ఆ అటక ఎక్కి అతనికి ఏడాదయింది.

అతను ద్రౌపది వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడటం లేదు. మూసిన తలుపు వైపు చూస్తోంది. ఆ లెక్క ఆమె అతనికంటే ముందే కట్టింది.

"కాకా!" అంది గట్టిగా. తలుపు లోపల అటక దాకా వినబడేంత గట్టిగా. "రేపు పదింటికే గద? సాహెబు ఈడికే వస్తడు గద? తలుపు తీసేది నువ్వే గద?"

"ఎందుకట్ల అరుస్తవ్ బిడ్డా? కండ్లే పోయినయి. నాకేం చెవుడు లేదు."

అప్పుడే కరెంటు పోయింది. ముప్పై సాంచాలు ఒక్కసారిగా ఆగాయి. పేట మొత్తం నిశ్శబ్దమైంది.

తలుపు అవతల ఎవరో దగ్గారు. ఇరవై ఏళ్ళు నూలు దుమ్ము మింగినవాళ్ళకు వచ్చే దగ్గు. మొదలైతే అంత త్వరగా ఆగదు.

పెంటప్ప చెప్పింది నిజమే. ఆయనకు చెవుడు లేదు. తాళం చెవుల జేబు దాకా వెళ్ళిన చేయి అక్కడే ఆగింది.